మల్లెపూల పొట్లం లేని ఫ్రిజ్జు

ముందే చెప్పేస్తున్నాను, ఈ షాపు పేరు రాయడం లేదు. రాయొద్దని షాపు మేడమే అన్నారు. "ఇప్పటికే సాయంత్రం ఏడు దాటితే మెట్ల మీద నిలబడే చోటు ఉండట్లేదు. మీరు రాసి ఇంకో పదిమందిని పంపితే నాకు చేతులు కడుక్కునే టైము కూడా మిగలదండీ" అన్నారు. సరేనన్నాను. గుంటూరు బ్రాడీపేటలో, ఒక అడ్డరోడ్డు మలుపులో, రెండు ఎత్తు మెట్లు ఎక్కితే వచ్చే చిన్న మెడికల్ షాపు. బ్రాడీపేటలో ఇలాంటివి ఎన్నున్నాయో ఊళ్లోవాళ్లకి తెలుసు కాబట్టి ఈ ఆనవాళ్లతో దొరకదు. నేనక్కడ చూసినవి మీ వీధి షాపులో ఉన్నాయో లేదో చూసుకోడానికి మాత్రం పనికొస్తుంది.

నా సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే మందుల షాపులో వీడికింత పరిశీలన ఎందుకో అర్థం కాదు. నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్ని. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లోపలికి ఎన్ని వచ్చాయి, బయటికి ఎన్ని పోయాయి, ఏ ఛాంబర్లో ఎంత చలి ఉంది, ఇవన్నీ రిజిస్టర్లో ఎక్కించడం నా పని. పంతొమ్మిదేళ్ల నుంచి అదే పని. మా ఆవిడకి 2022లో కిడ్నీ మార్పిడి జరిగింది, ఇచ్చింది మా అత్తగారు. వేరేవాళ్ల కిడ్నీని ఒళ్లు తోసెయ్యకుండా ఆవిడ రోజూ టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, కొంచెం స్టెరాయిడ్ వేసుకోవాలి. ఆ మందులు చేసే పనే ఒంట్లో రోగాలతో పోరాడే శక్తిని తగ్గించడం. నాకు రెండు రోజుల జలుబైతే ఆవిడకి రెండు వారాల హాస్పిటల్. ఆ మందులు తెచ్చేది నేను, నెలకి కనీసం మూడుసార్లు. అంటే బయటి రోగం ఇంట్లోకి రావడానికి ఉన్న దారుల్లో మందుల షాపు కూడా ఒకటి. రోగాలున్నవాళ్లంతా వచ్చి ఒకే బల్ల మీద చేతులు ఆనించే చోటు కదా.

ఇంతకు ముందు మేం వెళ్లే షాపు వేరు. అదెక్కడుందో కూడా చెప్పను. మంచి లైట్లు, అద్దాల అలమరాలు, ఏసీ. లోపలికి వెళ్తే ఫినాయిల్ వాసన గుప్పుమనేది, అది చూసి ఎంత శుభ్రమో అనుకునేవాణ్ణి. డయాలసిస్ రోజుల్లో మా ఆవిడకి హెపటైటిస్ బి టీకా వెయ్యాలన్నారు. డయాలసిస్ వాళ్లకి మామూలు మోతాదుకి రెట్టింపు, 40 మైక్రోగ్రాములు, నాలుగు విడతలు. మనమే షాపులో కొనుక్కుని పట్టుకెళ్తే డయాలసిస్ సెంటర్లో వేసేవారు. ఆ షాపు కుర్రాడు ఫ్రిజ్జు తలుపు తీశాడు. తలుపు అరల్లో టీకా పెట్టెలు, వాటి పక్కన సగం తాగిన కూల్‌డ్రింకు సీసా, దాని మీద తడి ఆకులో చుట్టిన మల్లెపూల పొట్లం. ఓనరుగారి ఇంటికి కాబోలు. పొట్లం పక్కకి జరిపి టీకా తీసి, క్యారీబ్యాగులో వేసి, దాని మీద ఇంత ఐసుగడ్డ పడేసి ఇచ్చాడు. నేనేమో చల్లగా ఇచ్చాడని సంతోషించాను.

ఆ టీకా గడ్డకడితే చెడిపోతుందని తర్వాత చాలా రోజులకి తెలిసింది. వేడి తగిలితే చెడిపోతుందని అందరికీ తెలుసు, చలి ఎక్కువైనా చెడిపోతుందని నాకు తెలియదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. ఐసుగడ్డ సీసాకి ఆనుకుని అరగంట ప్రయాణం చేస్తే ఏమవుతుందో కోల్డ్ స్టోరేజీలో పనిచేసేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు, కానీ ఆ రోజు తట్టలేదు. నాలుగు విడతలు అయ్యాక రక్తపరీక్ష చేస్తే రక్షణ రాలేదని వచ్చింది, మళ్లీ మొదటి నుంచి వేశారు. డయాలసిస్ వాళ్లకి ఆ టీకా మామూలుగానే సరిగ్గా పట్టదట, అందుకే రెట్టింపు ఇస్తారు. కాబట్టి తప్పంతా ఐసుదేనని నేననలేను. కానీ ఆ అనుమానం పోలేదు.

అదే కుర్రాడు కాయితం కవరు తెరవడానికి ప్రతిసారీ వేలు నాలిక్కి తాకించుకునేవాడు. నోట్లు లెక్కపెట్టడానికీ అంతే. ఎంగిలి చేత్తో ఇచ్చిన కవరు ఇంటికి తెచ్చి, కిడ్నీ మార్చిన మనిషి మంచం పక్కన పెట్టేవాణ్ణి. ఎంగిలి అంటే ఏంటో మన ఇళ్లల్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. షాపులో బల్లకి అవతల నిలబడేసరికి ఎందుకు మర్చిపోతామో.

ఇక ఈ బ్రాడీపేట షాపు. 2023 వానాకాలంలో ఊరంతా కళ్లకలక పట్టుకున్నప్పుడు మొదటిసారి వెళ్లాను, మా పెద్దాడి కంటికి చుక్కల మందు కోసం. షట్టరు సగమే ఎత్తి ఉంది. లోపల ఒక్క మనిషి, నలభై ఏళ్లావిడ, తెల్లకోటు, ముక్కు మీద మాస్కు. బయట బారుగా జనం. కుర్రాడేడని ఎవరో అడిగితే "వాడికి కూడా కళ్లు ఎర్రబడ్డాయి, ఇంటికి పంపేశాను" అన్నారు. నా ముందున్నాయన ఫలానా చుక్కలివ్వమని ఖాళీ సీసా చూపించాడు. "ఇందులో స్టెరాయిడ్ ఉంది, డాక్టరు చీటీ లేకుండా ఇవ్వను" అన్నారావిడ. ఆయన నాలుగు మాటలని, రెండు దుకాణాల అవతలికి వెళ్లాడు. నా వంతు వచ్చినప్పుడు నాకు కూడా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పి, తువ్వాలు వేరుగా వాడమని, చేతులు ఎన్నిసార్లు కడగాలో చెప్పి వట్టి చేతుల్తో పంపించారు. కోపం వచ్చింది. ఇంట్లో చెప్తే మా ఆవిడంది, "రేపట్నించి నా మందులు అక్కడే తీసుకోండి" అని.

లోపలి గోడకి ఒక కాయితం ఉంటుంది, తెలుగులో చేత్తో రాసి లామినేషన్ చేయించింది. కొనేవాళ్ల కోసం కాదు, పనివాళ్ల కోసం. మెట్టు మీద నిలబడి మెడ చాస్తే కనపడుతుంది, నేను మెడ చాచే రకం. పొద్దున రాగానే, టిఫిను తిన్నాక, బాత్రూముకి వెళ్లొచ్చాక, మందులు లెక్కపెట్టే ముందు చేతులు కడగాలి. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, శానిటైజరైతే 20 నుంచి 30. డబ్బు ముట్టుకున్న మనిషి మాత్రలు ముట్టుకోకూడదు. అన్నింటికన్నా నాకు నచ్చింది చివరి లైను: జ్వరం, విరేచనాలు, దగ్గు, కళ్లకలక ఉంటే పనికి రావొద్దు, జీతం కోత లేదు.

ఈ 'కోత లేదు' అన్న రెండు మాటలు లేకపోతే మిగతా కాయితమంతా దండగ. మా దగ్గర హమాలీలు జ్వరంతోనే టిక్కీలు మోస్తారు, ఎందుకంటే రాకపోతే ఆ రోజు కూలి రాదు. రావొద్దని బోర్డు పెట్టడం తేలిక. కళ్లకలక కుర్రాడికి ఆ వారం జీతం నిజంగానే ఇచ్చారా అని తర్వాతెప్పుడో వాణ్ణే అడిగాను. "ఇచ్చారు బాబాయ్, చుక్కలు కూడా ఇచ్చారు" అన్నాడు.

అలాగని అంతా కాయితంలో ఉన్నట్టే జరుగుతుందని కాదు. కుర్రాడు చేతులు కడుగుతుంటే ఓసారి మనసులో లెక్కపెట్టాను, 18 దగ్గర కుళాయి కట్టేశాడు. మేడం చూడనప్పుడు వాడి మాస్కు గడ్డం కిందికి దిగుతుంది. బల్ల మీద శానిటైజరు సీసా రెండుసార్లు ఖాళీగా చూశాను, నొక్కితే గాలి వచ్చింది. చెప్తే అప్పుడే నింపారనుకోండి. వేలు తడిచేసుకోవడం మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదు. కవర్ల పక్కన తడి స్పాంజి డబ్బా ఉంటుంది, బ్యాంకు క్యాషియర్ల దగ్గర ఉంటుందే, అది.

గ్లవ్స్ ఎందుకు వేసుకోరని అడిగాను. కరోనా రోజుల్లో అందరూ వేసుకున్నారు కదా. "అప్పుడు చూశారుగా, అవే గ్లవ్స్‌తో డబ్బు తీసుకుని, ఫోను పట్టుకుని, ముక్కు గోక్కుని, మళ్లీ మందులిచ్చేవారు. చేతికి మురికి అంటితే జిడ్డుగా తెలుస్తుంది, కడుక్కుంటాం. గ్లవ్స్‌కి అంటితే తెలియదు" అన్నారు. నిజమే అనిపించింది. విడి మాత్రలు లెక్కపెట్టాల్సి వస్తే ఒక పళ్లెం, చిన్న గరిటె ఉంటాయి, వేళ్లతో ముట్టరు. లెక్క అయ్యాక పళ్లేన్ని స్పిరిట్‌తో తుడుస్తారు. ఆ స్పిరిట్ 70 శాతం ఆల్కహాలు. వంద శాతమైతే ఇంకా మంచిది కదా అని నా తెలివి చూపించాను. నీళ్లు కొంత ఉంటేనే క్రిమి లోపలికి దిగి పనిచేస్తుందట, మరీ చిక్కగా ఉంటే పైపైనే ఆరిపోతుందట. తుడిచి వెంటనే గుడ్డతో అద్దకూడదు, దానంతటదే ఆరాలి. నేల తుడిచే హైపో (క్లోరిన్ బ్లీచు నీళ్లు) సీసా మీద ఆ రోజు తేదీ రాసి ఉంటుంది, కలిపినది నిలవుంటే బలం తగ్గుతుందని ఏ రోజుకారోజు కలుపుతారు. ఫినాయిల్ వాసన రాదు. మొదట్లో నాకది లోటుగా కూడా అనిపించింది, అలవాటు అలాంటిది.

ఫ్రిజ్జు గురించి ఎంతైనా రాయగలను, అది నా సబ్జెక్టు. తలుపుకి రిజిస్టరు వేలాడుతూ ఉంటుంది, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి డిగ్రీలు, పక్కన సంతకం. ఓ రోజు మేడం బిల్లు కొడుతుంటే అడిగి తీసుకుని తిరగేశాను. దొంగ రిజిస్టరు పోల్చడం నాకు తెలుసు. అన్నీ ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో, రోజూ 4 డిగ్రీలని ఉంటే ఎవరో నెలాఖరున కూర్చుని రాసినట్టు. ఇందులో 3 ఉంది, 5 ఉంది, మే నెలలో ఒకచోట 9 ఉంది. 9 పక్కన ఎర్ర ఇంకుతో: "కరెంటు పోయింది, ఇన్వర్టర్ ఆగింది, టీకాలు పక్క క్లినిక్ ఫ్రిజ్జులో పెట్టాం." తప్పు జరిగినట్టు రాసుకున్న రిజిస్టరు మీద నాకు నమ్మకం ఎక్కువ. టీకాలు మధ్య అరలో, తలుపు అరల్లో ఏమీ ఉండవు, అక్కడ తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. తిండి సంగతి అడక్కండి, వాళ్ల మంచినీళ్ల సీసా కూడా బయటే.

ఆ రిజిస్టరు చూశాక కూడా ఓసారి దెబ్బలాడాను. టాక్రోలిమస్, స్టెరాయిడ్ వల్ల మా ఆవిడకి షుగరొచ్చింది, ఇన్సులిన్ మొదలుపెట్టారు. తర్వాత డాక్టరు రకం మార్చారు, పాతవి మూడు మిగిలిపోయాయి, సీలు కూడా విప్పలేదు. వెనక్కి తీసుకోమన్నాను. కుదరదన్నారు. "సీలుంది, డేటుంది, మా ఫ్రిజ్జులోనే పెట్టాం" అన్నాను. "పెట్టారండీ. మీ ఫ్రిజ్జులో ఎన్ని డిగ్రీలుందో నాకెలా తెలుస్తుంది? రేపు అది ఇంకొకరికి అమ్మాలి కదా" అన్నారు. షాపు గడప దాటిన మందు మళ్లీ అర ఎక్కదట, ఎవరిదైనా సరే. డబ్బు పోయిందని సణుక్కుంటూ మెట్లు దిగాను. మా గేటు దాటిన టిక్కీని మళ్లీ అలాగే ఛాంబర్లో పెట్టమని రైతు అడిగితే నేనిచ్చే సమాధానం కూడా అదేనని బండి స్టార్టు చేసేటప్పుడు గుర్తొచ్చింది.

ఇన్సులిన్ సూదుల దగ్గర తప్పు మాదే. మొదటి రెండు నెలలు వాడిన పెన్ సూదులు క్యారీబ్యాగులో వేసి చెత్తబండికి ఇచ్చేశాం. ఒకరోజు చెత్త తీసుకెళ్లే అమ్మాయి చేతికి గుచ్చుకుంది. ఆ పిల్ల ఏమీ అనలేదు, రక్తం పైటకి తుడుచుకుని బండి తోసుకుంటూ పోబోయింది. నేనే ఆపి, కుళాయి కింద సబ్బుతో కడిగించి, గవర్నమెంటు హాస్పిటల్‌కి తీసుకెళ్లాను. మా ఆవిడ రిపోర్టులు అన్నీ మా దగ్గరున్నాయి, మార్పిడికి ముందు హెచ్ఐవీ, హెపటైటిస్ అన్నీ చూస్తారు కదా, అవి డాక్టరుకి చూపించాక ఊపిరి పీల్చుకున్నాం. గుచ్చుకున్న సూది ఎవరిదో తెలియకపోతే? హెచ్ఐవీ రాకుండా మందు మొదలుపెట్టాల్సి వస్తే 72 గంటల్లోపే, ఎంత తొందరైతే అంత మంచిదట. ఆ సంగతి ఎంతమంది కార్మికులకి ఎవరు చెప్పారో.

ఇది మేడంకి చెప్పుకున్నాను. తిట్టలేదు. మందం ప్లాస్టిక్ డబ్బా ఒకటిచ్చి, సూదులు మూత తొడక్కుండా అందులో వెయ్యమన్నారు. తిరిగి మూత తొడిగేటప్పుడే ఎక్కువమందికి గుచ్చుకుంటుందట. ముప్పావు నిండగానే తెచ్చివ్వమన్నారు. పక్క క్లినిక్‌తో మాట్లాడుకున్నారు, వాళ్ల తెల్ల డబ్బాలో కలిపి ఆస్పత్రి చెత్త బండికి పంపిస్తారు. 2016 నాటి బయోమెడికల్ చెత్త నిబంధనల్లో సూదులకి ఆ తెల్ల, గుచ్చినా చిల్లుపడని డబ్బానే చెప్పారు. ఈ పనికి ఆవిడ పైసా తీసుకోరు. షాపుకి అడ్డం, చోటు లేదని ఎవరైనా అనొచ్చు. ఆవిడ అనలేదు.

గొడవ పడ్డ ఇంకో రాత్రి గురించి చెప్పి ఆపుతాను. తొమ్మిదింటప్పుడు మా ఆవిడకి చలిజ్వరం, మూత్రంలో మంట. ఇంతకు ముందు ఒకసారి డాక్టరు సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ రాశారు, ఆ పాత చీటీ పట్టుకుని పరుగెత్తాను. ఏడాదిగా నన్ను ఎరుగుదురు, అయినా ఇవ్వలేదు. అది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన జాబితాలోది. 2014 నుంచి అలాంటివి అమ్మితే డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఎన్ని ఇచ్చారో వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. "రూలు ఒకెత్తండీ. కిడ్నీ మార్చిన మనిషికి జ్వరమంటే ఇంట్లో చూసుకునేది కాదు. ఇప్పుడు ఒక మాత్ర వేశారనుకోండి, రేపు యూరిన్ కల్చర్‌లో ఏ క్రిమో తేలదు. ఆటో ఎక్కండి" అన్నారు. నేను చీటీ బల్ల మీద కొట్టాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది కానీ కొట్టాను. హాస్పిటల్లో చేర్చుకున్నారు. కల్చర్ రిపోర్టు వచ్చేసరికి రెండ్రోజులు పట్టింది, ఆ క్రిమి మీద సెఫిక్సిమ్ పనిచెయ్యదని వచ్చింది. వారం ఇంజెక్షన్లు.

డిశ్చార్జి అయ్యాక మందులకి వెళ్తే ఆవిడ ఆ రాత్రి సంగతే ఎత్తలేదు. అప్పుడే ఒక ముసలాయనకి దగ్గు సిరప్ ఇవ్వనని చెప్తున్నారు. మూడోసారి వచ్చాడట. "రెండు వారాలు దాటిన దగ్గుకి సిరప్ కాదు తాతా, టీబీయేమో చూసే కళ్లె పరీక్ష" అని మాస్కొకటిచ్చి, బయట కుర్చీలో కూర్చోబెట్టి, ఎక్కడికి వెళ్లాలో కాయితం మీద రాస్తున్నారు.

లోట్లు కూడా చెప్పాలి. ఆలస్యం. అటు పక్క షాపుల్లో ఐదు నిమిషాల పని ఇక్కడ ఇరవై. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మూసేస్తారు, ఫార్మసిస్టు ఆవిడ ఒక్కరే, ఆవిడ లేకుండా కుర్రాడి చేత అమ్మించరు. ఏప్రిల్, మే ఎండల్లో బయట బారులో నిలబడితే గుంటూరు సంగతి చెప్పక్కర్లేదు, పైన ఒక పరదా కట్టించమని ఎన్నిసార్లు చెప్పినా కట్టించలేదు. మోకాళ్ల నొప్పులవాళ్లకి ఆ రెండు మెట్లు కష్టం, పట్టుకోడానికి కడ్డీ లేదు. డిస్కౌంటు పది శాతమే, ఇరవై ఇచ్చేవాళ్లు పక్కనే ఉన్నారు. ఇంటికి పంపడం లేదు. ఐదుకి నాలుగు ఇస్తాను. పరదా కడితే నాలుగున్నర.

వెళ్లేవాళ్లకి ఒక మాట. ఫ్రిజ్జు మందులైతే థర్మోకోల్ పెట్టె మీరే తీసుకెళ్లండి. ఆవిడ జెల్ ప్యాకుని గుడ్డలో చుట్టి, మందుకి తగలకుండా మధ్యలో అట్టముక్క పెట్టి సర్దిస్తారు. పెట్టె లేకపోతే వాళ్లదే ఇస్తారు కానీ, తీసుకెళ్లినవాళ్లెవరూ తిరిగివ్వడం లేదని మొన్న కుర్రాడు నా వంక చూస్తూ అన్నాడు. ఒకటి మా ఇంట్లో అటక మీదుంది. శనివారం ఇచ్చేస్తాను.